విస్తరి చుట్టూ సంక్రాంతి

మన ఇళ్లలో పండగ భోజనమంటే అందరూ కూర్చుంటారు, ఒకరిద్దరు నిలబడి వడ్డిస్తారు. పప్పు, నెయ్యి, కూర, పులుసు, పెరుగు అన్నీ వరసగా బల్ల చుట్టూ తిరగాలి. అందుకే డైనింగ్ టేబుల్ నడుమ నిలువెత్తు పూలకుండీలు, కొవ్వొత్తుల స్టాండ్లు మనకు నప్పవు. వడ్డించే చేతికీ అడ్డమే, ఎదురుగా కూర్చున్న వియ్యంకుడి మొహానికీ అడ్డమే. నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: బల్ల మీద అలంకరణ ఏదీ మంచినీళ్ల గ్లాసును మించి లేవకూడదు. ఆ ఎత్తులో ఇమిడే సామానంతా సంక్రాంతి నాటికి కృష్ణా డెల్టాలో దొరుకుతుంది. సగం ఊరికే వస్తుంది.

ముందు వరికంకుల సంగతి. ఇక్కడ సార్వా కోతలు నవంబరు చివరి నుంచి డిసెంబరంతా సాగుతాయి. కొత్త కంకుల్ని కుచ్చులుగా అల్లి పిచ్చుకల కోసం వసారాలోనో గుళ్లోనో వేలాడదీయడం మనకు తాతల నాటి అలవాటు. ఇంగ్లండు పల్లెల్లోనూ కోతల వేళ గోధుమ గడ్డితో ఇలాంటి అల్లికలు చేసేవారు. ఇప్పుడు చిక్కల్లా వరికోత మిషన్లతోనే. మిషన్లోకి వెళ్లిన కంకి గింజగానూ గడ్డిగానూ విడిపోయి వస్తుంది. చల్లపల్లి దగ్గర వ్యవసాయం చేసే మా బాబాయికి ముందే ఫోన్ చేస్తాను. "మిషను తిరగని మూలలు ఎటూ చేత్తోనే కోయిస్తాం కదమ్మాయ్, అక్కడిది ఓ కట్ట నీకు పక్కన పెడతాలే" అంటాడు. పల్లెతో సంబంధం ఉన్నవాళ్లెవరైనా ఇలా అడిగి తెప్పించుకోవచ్చు.

కంకులు బాగా ముదిరితే అల్లేటప్పుడే గింజ రాలిపోతుంది. పసుపు తిరిగి, ఇంకా కాస్త పచ్చదనం ఉన్నవి మంచివి. కాడలకున్న ఆకులు ఒలిచి, తడిగుడ్డలో ఓ రాత్రి చుట్టి ఉంచితే మెత్తబడి విరగకుండా వంగుతాయి. మూడు కాడల్ని మొదట్లో దారంతో బిగించి మామూలు జడలాగే అల్లుకుంటూ పోవాలి. పాయ తిప్పిన ప్రతిసారీ కొత్త కాడ ఒకటి చేర్చి, కంకి మాత్రం ఎప్పుడూ ఒకే వైపు బయటికి ఉండేలా చూసుకోవాలి. జానెడున్నర పొడవు వచ్చాక రెండు కొసలూ కలిపి కట్టేస్తే చుట్టూ కంకులు పరుచుకున్న వలయం తయారవుతుంది. దాని మధ్యలో భోగిపళ్లకు తెచ్చిన రేగుపళ్లు ఓ గిన్నెడు పోసి పెట్టండి. పిల్లలు వచ్చేపోయే దారిలో తినేస్తారు, మళ్లీ పోయాలి.

తరవాత అరటి దొప్పలు. కార్తీకంలో కృష్ణలో దీపాలు వదలడానికి వాడేవే. అరటిబోదె పొరను జానెడు ముక్కగా కోసి, రెండు కొసలూ లోపలికి మడిచి చీపురుపుల్లతో గుచ్చితే పడవలా నిలబడుతుంది. కోసిన వెంటనే నీళ్లలో వేసి జిగురు కడిగేయాలి. ఆ జిగురు బట్టకంటితే మరక పోదు, అందుకే కింద పళ్లెం తప్పనిసరి. దొప్పలో వేలెడు నీళ్లు పోసి బంతిరేకలు చల్లండి. విజయవాడ వన్‌టౌన్ కాళేశ్వరరావు మార్కెట్ వైపు పూలు కొనేవాళ్లు భోగి ముందురోజు దాకా ఆగకండి, రేటు మండిపోతుంది. రేకలే కావాలి కాబట్టి కాస్త వాడిన పూలైనా పనికొస్తాయి. సంపెంగ, మొగలి లాంటి ఘాటు వాసన పూలు మాత్రం బల్ల మీద వద్దు. గోంగూర, నెయ్యి వాసనలకు పోటీ ఉండకూడదు.

బల్ల నడుమ పరవడానికి కొత్త గుడ్డ కొననక్కర్లేదు. కుట్టుపని చేసేవాళ్ల దగ్గర పెడన కలంకారీ ముక్కలు మిగులుతుంటాయి. వాటిని పొడుగ్గా అతికి కుడితే చాలు. కరక్కాయ నీటిలో నానిన గుడ్డ మీద టేకు అచ్చులతో వేసే ఆ ఎరుపు, బెల్లం, తుప్పు ఇనుము ఊరబెట్టి తీసే ఆ నలుపు పచ్చటి అరిటాకు పక్కన ఎంత బాగుంటాయో! అలాగే కొలువులోంచి ఓ కొండపల్లి ఎడ్లబండిని దించి, వరికంకుల పక్కన తడి తగలని చోట నిలబెడితే పల్లె పూర్తవుతుంది. తెల్ల పొణికి కర్ర తేలిక కాబట్టి వడ్డనప్పుడు ఒంటి చేత్తో జరపొచ్చు.

పెళ్లి బంతుల్లో ఆకు వేసే ముందు నేల మీద ముగ్గు పెట్టేవారు. బల్ల రాతిదైతే ఇప్పుడూ పెట్టొచ్చు. తడిపిన బియ్యప్పిండితో ఒక్కో ఆకు చోటు చుట్టూ సన్నటి గీత, మూలల్లో పద్మం చాలు. వాకిట్లో వాడే ముగ్గురాయి పొడి, రంగులు అన్నం దగ్గరికి రానీయకండి. పిండి ఆరాక, కొస తినేవాళ్ల ఎడమ చేతి వైపు ఉండేలా ఆకు వేయాలి.

మొత్తం మీద ఖర్చు పూలకు, అరిటాకులకు, దారానికి. కనుమ అయ్యాక కుచ్చు బాల్కనీలో పిచ్చుకలకు, దొప్పలు, రేకలు కుండీల్లో ఎరువుకు, కలంకారీ గుడ్డ ఉతికి బీరువాలోకి. థర్మోకోల్ తోరణాలకు ఈ సదుపాయం లేదు. ఇక ఈ పనంతా సెలవులకొచ్చిన పిల్లలకు అప్పగించండి. చేతులకు అరటి జిగురు, బియ్యప్పిండి అంటుకుని ఉన్నంతసేపైనా అరిసెల డబ్బా జోలికి వెళ్లరు.