క్రొత్త యోచనలు పుట్టు విధము

సంఘ సమావేశమున కార్యదర్శి లెక్కలు చదువును. "ఎవరైన చెప్పవలసినది కలదా?" యని అధ్యక్షుడడుగును. ఎవరును పలుకరు. తేనీరు త్రాగి లేచిపోదురు. ఇంటిత్రోవ పట్టిన పిదప మాత్రము ఆ సభ్యులే నాలుగు మంచి ఉపాయములు చెప్పుకొందురు. అవి సంఘపు పుస్తకమున కెక్కకపోవుట మనకు నష్టము. కావున యోచనలు పుట్టు విధమునుగూర్చి కొంత వ్రాయదలచితిమి.

మెరుపువలె తట్టిన తలపు దైవికమని కొందరందురు. మేమట్లు తలపము. కొత్తకోట ప్రాంతపు రైతులకు సరళాసాగరము తెలియనిది కాదు. 1949లో పునాది పడి 1959లో పూర్తియైన ఆ జలాశయమున నిండుమట్టము దాటిన నీరు సైఫనులలోని గాలిని తానే లాగివేయును. గాలి పోయినంతనే ప్రవాహము ఒక్కసారిగ దుమికిపడును. చూచువానికది ఆకస్మికము. కాని వాననీరు ముందుగ చేరనిదే అది జరుగదు. తలపు సంగతియు నంతియే.

1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో జరిగినది చూడుడు. వినోబాభావేగారు అప్పుడు హరిజనవాడ యనబడిన పేటకు పోయి, మీకేమి కావలెనని యడిగిరి. భూమి కావలెననిరి. ఎంత యనగా మాగాణి 40, మెట్ట 40, వెరసి 80 ఎకరములని లెక్క చెప్పిరి. ప్రభుత్వమునకు అర్జీ పెట్టుట ఎవరికైనను తోచు త్రోవ. ఊరివారెవరైన నీయగలరా యని వినోబాగారు సభలో నడుగగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి 100 ఎకరములిత్తు ననిరి. ఆ యూరు చేరునప్పటికి భూదానమను తలపు వినోబాగారికే లేదు. అడిగినవారు అంకెతో నడిగిరి. ఈయగలవాడు ఎదుటనే యుండెను. తరువాత దేశమంతట దానముగ వచ్చిన భూములలో సేద్యమునకు పనికిరానివియు చాల గలవు. తట్టిన యోచనను పిదప పరీక్షింపవలసి యుండుట యిందుకే.

అమెరికాలో ప్రకటనల వ్యాపారియైన అలెక్స్ ఆస్బర్ను 1953 నాటి తన గ్రంథమున, కూటమిలో ముందుగ అందరు చెప్పవలెననియు, విమర్శ తరువాత చేయవలెననియు వ్రాసెను. మంచి మాటయే. అయితే 1958లో యేల్ విశ్వవిద్యాలయమువారు పరీక్షింపగా, కలిసి కూర్చున్న నలుగురికన్న విడివిడిగ యోచించిన నలుగురి తలపులను కూర్చినపుడే సంఖ్య యెక్కువయ్యెను. మాకిది వింతగ లేదు. పెద్దరైతు పలికిన పిదప మన యూళ్లలో చిన్నరైతు నోరు విప్పునా?

సంఘమున వాటా ఎంతదైనను ఓటు ఒక్కటే. మాటకును ఆ న్యాయమే చెల్లవలెను. ప్రశ్నను వారము ముందే చాటింపుడు. ఎవరి యింట వారు యోచింతురు. సభలో అందరికన్న తక్కువ భూమి గలవానిని మొదట పలికింపుడు. నవ్వువానిని వారింపుడు. కార్యదర్శి పేరు వ్రాయక మాట మాత్రమే వ్రాసికొనవలెను. తీర్మానము మరుసటి సభకు వదలుడు. "వేరుశనగ లాభమెట్లు?" అన్న ప్రశ్నకు బదులు రాదు. "ఈ కారుకు విత్తనపుకాయ ఎన్ని బస్తాలు కావలెను, ఎవరివద్ద కలదు, ఏ తేదిలోపల తేవలెను?" అని యడిగి చూడుడు.