మీకు తెలుసా? ఎర్ర జెండా లేచే కెమెరా

నస్రుల్లాబాద్‌లో ఏ పాత బీరువాలోనో చవక రీలు కెమెరా దొరికితే, పేరు చూసి విలువ కట్టకండి. వెనుక మూత తీసి లెన్స్‌లోకి టార్చి వెయ్యండి. సాలెగూడులాంటి పోగులు కనిపిస్తే అది బూజు. నిజాంసాగర్ కాలువల పొలాల మధ్య వానాకాలపు తేమ దానికి పండగే. మూత అంచున స్పాంజి జిగటగా మారిందా, వెలుతురు చొరబడి ఫొటోలపై ఎర్రటి చారలు పడతాయి.

1967లో వచ్చిన ఒలింపస్ ట్రిప్ 35 రీలు కెమెరాకైతే బ్యాటరీయే లేదు! లెన్స్ చుట్టూ ఉన్న సెలీనియం వలయమే వెలుతురు కొలుస్తుంది. డయల్ ‘ఎ’ మీద పెట్టి, వలయాన్ని అరచేత్తో మూసి మీట నొక్కితే వ్యూఫైండర్‌లో ఎర్ర జెండా లేవాలి, షట్టర్ పడకూడదు. మిట్టమధ్యాహ్నపు ఎండలోనూ జెండా లేస్తోందంటే ఆ వలయం చచ్చినట్టే. బొమ్మ బాగుందని అమ్మేవాడు ఎంత చెప్పినా సరే, బేరం తగ్గించండి.