మోటారుబండిలోని సంధి

సంధులు విడదీయుటయు, మరల కలుపుటయు బడిలో నాకు జీవితకాలపు పని. పద్యములోని సంధిని తప్పుగా విడదీసిన విద్యార్థికి పోవునవి రెండు మార్కులు మాత్రమే. జీపు క్రింద నుండు ఇనుప సంధిని తప్పుగా కలిపినచో ప్రాణములకే ముప్పు. నేడు దానిని గూర్చి కొంత ముచ్చటింతును.

ఇంజను బలమును వెనుక చక్రముల ఇరుసునకు గొనిపోవు పొడవైన గొట్టమును ప్రొపెల్లరు షాఫ్టందురు. గతుకులలో ఇరుసు పైకిని క్రిందికిని కదలును. గేరుపెట్టె అట్లు కదలదు. కావున షాఫ్టు తిరుగుచునే తన వాలును మార్చుకొనవలసియుండును. అందులకై దాని రెండు కొనలయందును యూనివర్సలు జాయింట్లు కలవు. ఎదురెదురుగా రెండు పంగలు, వాని నడుమ నాలుగు కొమ్ముల క్రాసు, ప్రతి కొమ్మునకు సన్నని సూదిబేరింగులు గల గిన్నె: ఇదియే నిర్మాణము. 17వ శతాబ్దపు ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రాబర్టు హుక్కు పేర దీనిని హుక్కు జాయింటనియు వ్యవహరింతురు.

దీనికొక స్వభావదోషము గలదు. వంగి తిరుగునపుడు ఒక పంగ సమవేగముతో తిరిగినను, రెండవది ప్రతి చుట్టునందును రెండుమార్లు వేగము హెచ్చి, రెండుమార్లు తగ్గును. ముందరి జాయింటు కలిగించిన ఈ హెచ్చుతగ్గులను వెనుకటిది సరిదిద్దును. షాఫ్టు రెండు కొనల పంగలును ఒకే వరుసలో నున్నప్పుడే ఇది సాధ్యము. జీపు షాఫ్టులో జారుడు పళ్లు గల చోట ఒక్క పన్ను తప్పించి దూర్చినను వరుస చెడి బండి వణకును. కనుక విప్పుటకు ముందే ఇరుప్రక్కల ఉలితో చిన్న గాటు పెట్టవలెను. సుద్దగీత చాలదు, కిరసనాయిలుతో కడుగగానే అది చెరిగిపోవును.

పరీక్షించునపుడు చక్రములకు అడ్డురాళ్లు పెట్టి, గేరును న్యూట్రలులో నుంచి, షాఫ్టును చేతితో అటునిటు త్రిప్పి చూడుడు. జాయింటులో వదులు తోచినను, గిన్నెల అంచున ఎర్రని తుప్పుపొడి కానవచ్చినను విప్పవలసినదే. క్రాసు కొమ్ములపై గోరు తగులునట్టి గాడులున్నచో క్రాసును గిన్నెలతో సహా మార్చవలెను.

బిగించునపుడు గిన్నెలలో గ్రీజు పూసి, సూదులనన్నిటిని గోడకు అంటి నిలుచునట్లు అమర్చవలెను. ఒకమారు నా కంటియెదుటనే ఒక సూది గిన్నె అడుగున అడ్డముగా పడెను. గిన్నె పూర్తిగా లోనికి పోలేదు. లాకు తన గాడిలో కూర్చుండలేదు. కుర్రవాడు సుత్తి యెత్తెను. మేస్త్రీ వారించి, అంతయు మరల విప్పించెను. ఆ లాకు దారిలో ఊడినచో గిన్నె జారును. షాఫ్టు ముందు కొన నేలబడి రోడ్డును పొడుచుకొనినచో పరుగెత్తు బండియే తలక్రిందులు కావచ్చును.

నాలుగు లాకులును గాడులలో కూర్చున్న పిమ్మట జాయింటు పట్టు లేక అన్నిదిక్కులకు వంగుచున్నదా యని చూచి, నాలుగు గిన్నెల అంచులనుండి గ్రీజు పైకి వచ్చువరకు ఎక్కింపవలెను.

వ్యాకరణమున కొన్ని సంధులు వైకల్పికములు. ఈ సంధియందు వికల్పము లేదు.