జనవరితో మొదలుకాని సంవత్సరం

అశోక్‌నగర్‌లో కాలాన్ని నోటిఫికేషన్లతో లెక్కపెడతారు. ప్రిలిమ్స్ నుంచి మెయిన్స్ దాకా, ఫలితాల నుంచి మళ్లీ కొత్త నోటిఫికేషన్ దాకా సాగే ఎదురుచూపే అక్కడి స్టడీ హాళ్లకూ హాస్టళ్లకూ పంచాంగం. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సినిమా హాళ్ల దగ్గర అదే కాలం శుక్రవారం విడుదలలతో కదులుతుంది, చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో సాయంత్రపు సభలతో నడుస్తుంది. ఈ వీధుల్లోనే కాథలిక్కుల ఇళ్లలో గోడకు వేలాడే క్యాలెండర్ ఒకటి ఉంది. దాని ప్రకారం సంవత్సరం జనవరిలో గానీ ఉగాదినాడు గానీ కాక, నవంబర్ 27కూ డిసెంబర్ 3కూ మధ్య వచ్చే ఆదివారంతో ఆరంభమవుతుంది. తెలుగు కాథలిక్కులు దీన్ని దైవార్చన సంవత్సరం అంటారు. క్రీస్తు రాక కోసం నిరీక్షణ, ఆయన పుట్టుక, శ్రమలు, మరణం, ఉత్థానం, ఆత్మ దిగిరావడం అనే ఘట్టాలను ఏటా ఒక వరుసలో స్మరిస్తూ, వాటిని చదివి వదిలేయకుండా ఉపవాసంతో, ఊరేగింపుతో, వస్త్రాల రంగుతో, ఘంటల మోతతో, మౌనంతో అనుభవంలోకి తెచ్చుకొనే పద్ధతి ఇది.

ఈ సంవత్సరాన్ని ఒక ప్రాంతంలో నడిపించే బాధ్యత పీఠాధిపతిది. ఆయనను తెలుగు కాథలిక్కులు మేత్రాణులు అనీ, ఆయన పరిధిని మేత్రాసనం అనీ, దానిలోని ఒక్కో చర్చి పరిధిని విచారణ అనీ, అక్కడ పూజ చేసే ఫాదర్‌ను గురువు అనీ పిలుస్తారు. విశ్వాసం గురించి మేత్రాణులు చేసే బోధ సిద్ధాంత గ్రంథాల రూపంలో కంటే ఈ కాలచక్రం రూపంలోనే ప్రజలకు ఎక్కువగా అందుతుంది. కాపరి లేఖ రాసినా, ప్రసంగం చేసినా, ఆ వారం ఏ కాలానికి చెందినదో, ఆనాడు చదివే సువార్త భాగం ఏదో చూసుకొనే ఆయన మాట్లాడాలి. చెప్పదలచుకున్నదాన్ని చెప్పవలసినదానికి లోబరచే ఈ క్రమశిక్షణ ఆ పదవికి గొప్ప రక్షణ.

నారాయణగూడకు దగ్గరలోని గన్‌ఫౌండ్రీలో 1870లో శంకుస్థాపన జరిగిన పునీత జోజప్ప ప్రధానాలయం హైదరాబాద్ అగ్రపీఠానికి కేంద్రం. 1851లో మద్రాసు నుంచి విడివడి, మిలాన్ నుంచి వచ్చిన మిషనరీల చేతుల్లో పెరిగిన ఈ పరిధి 1886లో మేత్రాసనమై, 1953లో అగ్రపీఠమైంది. తొలి అగ్రపీఠాధిపతి జోసఫ్ మార్క్ గోపు. ఆ తర్వాత సామినేని అరులప్ప, మారంపూడి జోజి, తుమ్మ బాల వచ్చారు. 2020 నవంబర్‌లో నియమితులైన పూల ఆంథోని పూర్వపు కర్నూలు జిల్లాలో 1961లో జన్మించి, 1992లో గురువుగా అభిషేకం పొంది, 2008 నుంచి కర్నూలు పీఠాధిపతిగా పనిచేసినవారు. 2022 ఆగస్టు 27న పోప్ ఫ్రాన్సిస్ ఆయనను కార్డినల్‌గా చేశారు. కార్డినల్ అంటే పోప్‌కు సలహాదారు. ఎనభై ఏళ్లు నిండేదాకా కొత్త పోప్‌ను ఎన్నుకొనే హక్కు ఉన్నవాడు. తెలుగువారిలో ఆ స్థానం పొందిన మొదటి వ్యక్తి, దళితుల్లోనూ మొదటి వ్యక్తి ఆయనే. 2025 మే 8న పోప్ లియో 14ను ఎన్నుకొన్న సభలో ఆయన కూడా ఉన్నారు.

ఎదురుచూపు

సంవత్సరపు మొదటి భాగం ఆగమన కాలం. నాలుగు ఆదివారాల ఈ కాలంలో గురువులు ఊదారంగు వస్త్రాలు ధరిస్తారు, పూజలో మహిమ గీతం పాడరు. బజారు క్రిస్మస్‌ను డిసెంబర్ ఆరంభానికే తెచ్చేసినా, దైవార్చన మాత్రం 24 రాత్రి వరకు ఎదురుచూడమంటుంది. అశోక్‌నగర్ యువకుల ఎదురుచూపుకూ దీనికీ ఒక తేడా ఉంది: నోటిఫికేషన్ కోసం చూసేవాడికి అది వస్తుందో రాదో, వచ్చినా తనకు దక్కుతుందో లేదో తెలియదు, ఆగమన కాలంలో నిరీక్షించేవాడు వచ్చేది ఎవరో తెలిసి నిరీక్షిస్తాడు. అయినా రెండింటికీ కావలసిన ఓర్పు ఒకటే, కనుక ఫలితం చేతికి రాని రోజుల్లో మనిషి తన విలువ కోల్పోడన్న మాట ఈ పేటలో వినిపించవలసిన మాట.

తైలమూ పాదాలూ

క్రిస్మస్ అందరికీ తెలిసిన పండుగ. ఒక పీఠాధిపతి విశ్వాసం నిజంగా వెల్లడయ్యేది విభూది బుధవారంతో మొదలయ్యే తపస్సు కాలంలో. ఆనాడు నుదుట పెట్టే విభూది కిందటేడు మ్రానికొమ్మల ఆదివారంనాడు చేతబట్టి ఊరేగిన కొమ్మలను కాల్చి చేసినది. జయజయధ్వానాల గుర్తే ఏడాది తిరిగేసరికి బూడిదై, మనిషి మట్టివాడని అతనికే గుర్తు చేస్తుంది. మేత్రాణుల నుదుటికీ అదే విభూది.

తపస్సు కాలపు నలభై దినాల చివర, పవిత్ర వారంలో లేదా దానికి దగ్గరలో, మేత్రాసనంలోని గురువులందరూ ప్రధానాలయంలో మేత్రాణుల చుట్టూ చేరే పూజ ఒకటి ఉంది. ఆ పూజలో ఆయన మూడు తైలాలను సిద్ధం చేస్తారు: జ్ఞానస్నానానికి సిద్ధపడేవారి తైలం, వ్యాధిగ్రస్తుల తైలం, సుగంధ ద్రవ్యం కలిపి ప్రతిష్ఠించే పరిమళ తైలం. మూడోదానిని పీఠాధిపతి తప్ప మరొకరు ప్రతిష్ఠించరాదు. దానిపై ఆయన తన ఊపిరిని ఊదుతారు. తర్వాత గురువులు ఆ తైలాలను తమ విచారణలకు తీసుకొని వెళతారు. జ్ఞానస్నానం పొందిన పసిబిడ్డ నడినెత్తిన, భద్రమైన అభ్యంగనం పొందే యువతీయువకుల నుదుట, కొత్తగా అభిషిక్తుడైన గురువు అరచేతుల్లో అద్దేది ఆ పరిమళ తైలమే. ఆసుపత్రి మంచంమీద ఉన్న వృద్ధురాలి నుదుటికీ చేతులకూ వ్యాధిగ్రస్తుల తైలం పూస్తారు. తాను ఏడాదంతా చూడబోని ఇళ్లలోకి, పేర్లు తెలియని మనుషుల దగ్గరకు మేత్రాణుల ప్రార్థన వెళ్లే దారి ఇది. పీఠం మీద కూర్చోవడం కంటే ఇదే ఆ పదవికి సరైన వర్ణన.

పవిత్ర గురువారం సాయంకాలం, క్రీస్తు తన శిష్యుల పాదాలు కడిగిన సంఘటనను స్మరిస్తూ, పీఠాధిపతి పైవస్త్రం తీసివేసి, విశ్వాసుల ముందు వంగి, వారి పాదాలు కడిగి తుడుస్తారు. స్త్రీల పాదాలు కూడా కడగవచ్చని పోప్ ఫ్రాన్సిస్ 2016లో నియమం సవరించారు. తెలుగునాట పాదప్రక్షాళనకు వేరే చరిత్ర ఉంది: పెళ్లిలో అల్లుడి కాళ్లు కడుగుతారు, ఇంటికి వచ్చిన గురువు కాళ్లు కడుగుతారు, ఆ నీళ్లు ఎప్పుడూ తక్కువ వారి చేతుల నుంచి ఎక్కువ వారి పాదాల మీదికే పారాయి. పవిత్ర గురువారం ఆ ప్రవాహాన్ని తిప్పుతుంది. ఏ వాడల వారిని శతాబ్దాలపాటు గుమ్మం బయట నిలబెట్టారో ఆ వాడల నుంచి వచ్చిన ఒకరు అగ్రపీఠాధిపతిగా ఈ కార్యం చేస్తున్నప్పుడు, దాని అర్థాన్ని విడమరచి చెప్పవలసిన పని ఉండదు.

అయితే ఈ చిత్రంతో చర్చి తృప్తిపడడానికి వీల్లేదు. చర్చి లోపల కుల వివక్ష ఉందని భారత కాథలిక్ పీఠాధిపతుల సమాఖ్య 2016లో ప్రకటించిన దళిత సాధికారత విధానంలో తానే ఒప్పుకొన్నది. బయట చూస్తే, 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను మొదట హిందువులకే పరిమితం చేయగా, తర్వాత సిక్కులకు, బౌద్ధులకు విస్తరించినా, క్రైస్తవ దళితులకు నేటికీ వర్తించదు. తెలుగు రాష్ట్రాల్లో వారు బీసీ-సీ వర్గంలో ఒక శాతం రిజర్వేషన్‌కు పరిమితమయ్యారు. అశోక్‌నగర్ గదిలో దరఖాస్తు నింపే అభ్యర్థికి ఇది రాజ్యాంగ చర్చ కాదు, పూరించవలసిన ఒక గడి. పాదాలు కడిగిన చేతులకు ఈ గడి విషయంలోనూ బాధ్యత ఉంది. ఏటా ఆగస్టు 10ని నిరసన దినంగా పాటించడంతో ఆ బాధ్యత తీరదు.

గురువారం పూజలో మహిమ గీతంతో మోగిన ఘంటలు శనివారం రాత్రి జాగరణ పూజ దాకా మళ్లీ మోగవు. ఇటలీ నుంచి తెప్పించిన గన్‌ఫౌండ్రీ ఘంటలకూ ఇదే విధి. క్రీస్తు మరణాన్ని స్మరించే శుక్రవారం ప్రపంచంలో ఎక్కడా దివ్యబలి పూజ జరగదు. శనివారం చీకట్లో కొత్త నిప్పు రాజేసి, దానితో వెలిగించిన పెద్ద వత్తి నుంచి అందరి వత్తులూ వెలిగిస్తారు.

ఉత్థాన పండుగ తేదీ మన పంచాంగం తెలిసినవారికి పరాయిగా తోచదు. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి దాటిన మొదటి ఆదివారమే ఆ పండుగ, కనుక చాలా ఏళ్లలో అది చైత్ర పౌర్ణమికి చేరువలో ఉంటుంది. 2026లో ఉగాది మార్చి 19న వచ్చింది; అదే రోజు ప్రధానాలయానికి పేరిచ్చిన పునీత జోజప్ప పండుగ. ఏప్రిల్ 2న పౌర్ణమి, 5న ఉత్థాన పండుగ.

ఆకుపచ్చ వారాలు

ఆత్మ దిగిరావడాన్ని స్మరించే పెంతెకోస్తు పండుగ తర్వాత గురువుల వస్త్రాలు ఆకుపచ్చ రంగుకు మారతాయి. దీన్ని సామాన్య కాలం అంటారు. తపస్సు కాలానికి ముందు వచ్చే కొన్ని వారాలతో కలిపి 33 లేదా 34 వారాలు, అంటే సంవత్సరంలో అత్యధిక భాగం. పెద్ద పండుగలు తక్కువ, జనం కూడా తక్కువ. హైదరాబాద్‌లో ఇది తొలకరితో మొదలై, బోనాలు, వినాయక చవితి, బతుకమ్మ దాటి కార్తీకం దాకా సాగుతుంది. విశ్వాసానికి అసలు పరీక్ష ఉద్వేగంతో నిండిన పవిత్ర వారంలో కంటే, వాన కురిసే ఒక ఆగస్టు ఆదివారం ఉదయం, ఏ పండుగా లేనప్పుడు, పూజకు లేచి వెళ్లడంలో ఉందని ఈ కాలం నేర్పుతుంది. మేత్రాణుల జీవితంలోనూ అధిక భాగం ఇదే: విచారణల సందర్శన, భద్రమైన అభ్యంగనాలు, గురువుల బదిలీలు, పాఠశాలల లెక్కలు.

సంవత్సరం చివరి నెల చనిపోయినవారిది. నవంబర్ 1 సకల పునీతుల పండుగ, 2 మృతులందరి స్మరణ దినం. ఆ రోజు నారాయణగూడ క్రైస్తవ సమాధుల తోటకు కుటుంబాలు తరలివస్తాయి; రాళ్లు కడిగి, బంతిపూలు పరచి, వత్తులు వెలిగించి నిలబడతాయి, గురువులు సమాధులపై పవిత్ర జలం చిలకరిస్తారు. ఏ ఇంటివారూ రాని పాత సమాధుల మీద ఎవరో ఒకరు ఒక వత్తి వెలిగించి వెళ్లడం ఈ సంప్రదాయంలోని అతి సున్నితమైన భాగం. గోడకు అవతల నారాయణగూడ ట్రాఫిక్ ఆగదు.

ఆ నెలలోనే క్రీస్తురాజు పండుగతో దైవార్చన సంవత్సరం ముగుస్తుంది. 1925లో పోప్ పయస్ 11 నెలకొల్పిన ఈ పండుగ 2026లో నవంబర్ 22న వస్తుంది. ఏడాది పొడవునా ఆదివారాల్లో ప్రధానంగా చదివిన మత్తయి సువార్తను అక్కడితో మూసి, నవంబర్ 29 ఆదివారం ఆగమన కాలం మొదలైనప్పుడు మార్కు సువార్త తెరుస్తారు.