తోటలో 64 చెట్లు.. ఇంజిన్‌లో 64 బిట్లు

నూజివీడు ట్రిపుల్‌ఐటీలో చదివేవారికి మామిడి తోట కొత్త కాదు. 8 వరుసలు, వరుసకు 8 చెట్లున్న తోట ఒకటి అనుకోండి. బంగినపల్లి చెట్లకు ఒక చీటీలో, కోతకొచ్చిన చెట్లకు ఇంకో చీటీలో టిక్కులు పెట్టారు. రెండింటిలోనూ టిక్కున్న చెట్లే కోయాలి. చెట్టు చెట్టుకూ తిరగక్కర్లేదు.

చెస్ ఇంజిన్‌లో బిట్‌బోర్డు ఈ చీటీయే. బోర్డుపై గళ్లు 64, నేటి ప్రాసెసర్ ఒక్కసారిగా పట్టుకునే సంఖ్యలోనూ 64 బిట్లు. తెల్ల బంట్లకొకటి, నల్ల గుర్రాలకొకటి.. ఇలా 12 సంఖ్యల్లో పావులన్నీ ఇమిడిపోతాయి. గుర్రం ఏ గడి నుంచి ఎక్కడెక్కడికి దూకుతుందో ముందే లెక్కకట్టి పట్టికలో ఉంచుతారు. అది వేటిని కొట్టగలదో తెలియాలంటే, ఆ సంఖ్యకూ ఎదుటి పావుల సంఖ్యకూ మధ్య ఒక్క 'యాండ్' చాలు.

మరి 8×8 అరే దండగా? కానే కాదు. 'ఈ గడిలో ఏముంది?' అంటే అరే వెంటనే చెబుతుంది. బిట్‌బోర్డులనైతే ఒక్కొక్కటీ వెతకాలి. అందుకే ఓపెన్‌సోర్స్ ఇంజిన్ స్టాక్‌ఫిష్ రెండూ ఉంచుకుంటుంది. ఎత్తు వేసిన ప్రతిసారీ రెండుచోట్లా మార్చుకోవడమే దానికి చెల్లించే ధర.

రెజ్యూమెలో 'చెస్ ఇంజిన్' అని రాశారా? 'ఇలాగే ఎందుకు చేశావ్?' అని అడిగితే 'స్పీడు కోసం సార్' అంటే సరిపోదు. ముందు అరేతో రాయండి. ఆట మొదటి స్థితి నుంచి ఇరువైపుల ఎత్తులూ కలిపి లెక్కించండి. ఒక ఎత్తుకు 20, రెండింటికి 400, మూడింటికి 8,902, నాలుగింటికి 1,97,281 రావాలి. తర్వాత బిట్‌బోర్డుతో తిరగరాసి, రెండింటికీ పట్టిన టైమ్ నోట్ చేసుకోండి. నాలుగుతో ఆపేయకండి. ఐదో ఎత్తుకు 48,65,609 రావాలి. 'ఆన్ పాసాంట్' తప్పులు బయటపడటం మొదలయ్యేది అక్కడే!