పాత వడ్రంగి యంత్రమును కొనువారు చూడవలసినవి

పంటలు ఇంటికి చేరి, మరల దుక్కులు మొదలగుటకు కొంత వ్యవధి యున్న దినములలో మా కార్యాలయమునకు వచ్చు సభ్యులు పలువురు ఒకే ప్రశ్న వేయుచున్నారు: "ఇంటియొద్ద చిన్న వడ్రంగపు కొట్టము వేసికొనదలచితిమి. క్రొత్త యంత్రమునకు సొమ్ము చాలదు. అన్ని పనులు చేయు యంత్రము పాతది యొకటి అమ్మకమునకు వచ్చినది. కొనవచ్చునా?" కోరిక సమంజసమైనదే. కళ్ళమున మేర కొలిచి యిచ్చి ఏడాది పొడవునా పనిముట్లు బాగుచేయించుకొనిన కాలము గతించినది. గొడ్డలికి కామ వేయవలసినను, పశువుల పాకకు తలుపు చేయవలసినను పట్నమునకు పోవలసి వచ్చుచున్నది. ఐనను పాత యంత్రమును కొనుట ఎద్దును కొనుట వంటిది కాదు. ఎద్దునకు పండ్లు చూచి వయస్సు చెప్పగలము, కాడి కట్టి నడక చూడగలము. యంత్రమునందు ఎక్కడ చూడవలెనో తెలియనివారే పెక్కురు.

అన్ని పనులు చేయునని అమ్మకందార్లు చెప్పునది సామాన్యముగా చిత్రిక యంత్రమే. బజారులో దీనిని రంధా మిషను అందురు. పోత యినుముతో చేసిన రెండు బల్లలు, వాని నడుమ గిఱ్ఱున తిరుగు కత్తుల దిమ్మ, ఆ దిమ్మ యిరుసు కొనకు బిగించు గుండ్రని రంపము, బెజ్జములు తొలుచు బరమా, వీనినన్నిటిని త్రిప్పు ఒక్క మోటారు: ఇదియే దాని స్వరూపము. కొన్నింటిలో పలకను సమమైన మందమునకు తెచ్చు బల్ల కూడ క్రింద నుండును. పంజాబులోని బటాలా, లూధియానా, గుజరాతులోని రాజకోట ఇట్టి యంత్రముల తయారీకి పేరొందిన పట్టణములు. ఒక పనినుండి మఱియొక పనికి మార్చునపుడెల్ల అమరిక చెడును, కొలతలు మరల చూచుకొనవలెను. దినమంతయు ఇదే వృత్తిగా నున్నవారికి అది విసుగు పుట్టించును. వారు విడివిడి యంత్రములు కొనుటయే మేలు. వారమునకొక పూట పనిచేయు కర్షకునకు ఇది చాలును. దుంగలు కోయుటకు మాత్రము తగదు. దుంగను లైసెన్సు గల కోతమిల్లులో పలకలు చేయించి, ఆరబెట్టి, అటుపిమ్మటనే దీనిమీద పెట్టవలెను.

చూడబోయినవారు మొట్టమొదట రంగును చూతురు, తరువాత మోటారును చూతురు. మేమును అట్లే చేసితిమి. కొన్ని యేండ్ల క్రిందట సభ్యుల ఉమ్మడి యుపయోగమునకై సంఘపు కొట్టములో పాత యంత్రము నొకదానిని కొని పెట్టితిమి. పచ్చరంగు వేసి క్రొత్తదానివలె నుండెను. మోటారు చప్పుడు లేక తిరిగెను. ధర చవుకయని సంతోషించితిమే గాని, బల్లల నడుమనున్న దిమ్మ ఏ యాకారమున నున్నదో మాలో ఎవ్వరును వంగి చూడలేదు. అది నలుపలకల దిమ్మ. మూడవ నెలలో తుమ్మకొయ్య ముక్క నొకదానిని చిత్రిక పట్టుచుండగా, ముడి తగిలి ముక్క వెనుకకు ఎగిరినది. దానిని నొక్కి పట్టియున్న మా సహచరుని యెడమచేయి దిమ్మలోనికి జాఱినది. రెండు వ్రేళ్ళు కణుపుల వఱకు పోయినవి. అతడు నేటికిని ఆ చేతితో పాలు పిండలేడు. కావుననే దిమ్మను గూర్చి ముందుగా వ్రాయుచున్నాము.

భేదమిది. నలుపలకల దిమ్మ తిరుగునపుడు దాని మూలలు మాత్రమే బల్ల అంచునకు దగ్గఱగా వచ్చును. చదునైన ప్రక్క వచ్చినపుడు బల్లకును దిమ్మకును నడుమ పెద్ద సందు ఏర్పడును. వ్రేలు ఆ సందులోనికి దిగును, వెనువెంటనే వచ్చు కత్తి దానిని ఎముకతో సహా తీసికొనిపోవును. గుండ్రని దిమ్మలో ఆ సందు ఎల్లప్పుడును ఇఱుకుగానే యుండును. కత్తి దిమ్మను దాటి వెలికి వచ్చునది సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే. దానివలనను గాయమగును గాని, వ్రేలు మిగులుటకు అవకాశము కలదు. ఇంగ్లండులో 1922 నాటి వడ్రంగ యంత్రముల నిబంధనలలోనే, చేతితో కొయ్యను తోయు చిత్రిక యంత్రమునకు గుండ్రని దిమ్మ తప్పక యుండవలెనని విధించిరి. మన దేశమునను 1948 నాటి కర్మాగారముల చట్టము క్రింద రాష్ట్రములు చేసిన నిబంధనలలో ఇట్టి నియమము చేరినది. కాని ఇంటి కొట్టమునకు ఏ తనిఖీదారుడును రాడు. నలుపలకల దిమ్మ గల యంత్రమును ఎంత చవుకగా ఇచ్చినను కొనరాదని మా నిశ్చితాభిప్రాయము. దిమ్మను మార్పించి యిచ్చెదమని అమ్మకందారు చెప్పినచో, మార్చిన పిమ్మట వచ్చి చూచెదమని చెప్పి వెడలిపోవలెను.

దిమ్మ గుండ్రనిదైనను, కత్తులను బిగించు పచ్చరులను, మరలను విప్పించి చూడవలెను. తలలు అరిగిన మరలు గాని, ఎక్కడనో దొరికిన బోల్టులు గాని వేసియున్నచో, ఆ కత్తి యొకనాడు ఊడి తుపాకిగుండువలె వచ్చును. కత్తులన్నియు ఒకే తూకము ఉండవలెను. కిరాణాకొట్టు త్రాసున తూచినను భేదము తెలియును.

తరువాత విద్యుత్తు ఆపించి, బెల్టు తీయించి, దిమ్మ యిరుసును పైకి క్రిందికి ఊపి చూడవలెను. కదలిక చేతికి తగిలినచో బేరింగు అరిగినదన్నమాట. బేరింగు మార్చుట పెద్ద వ్యయము కాదు; దానిమీద 6205, 6206 వంటి అంకె చెక్కియుండును, ఆ యంకె చెప్పినచో పట్నములో దొరకును. ఇరుసే అరిగినచో అది వేఱు సంగతి. బేరము మానుకొనుటయే మంచిది. పావుగంటసేపు నడిపించి, ఆపిన పిమ్మట బేరింగు గూటిపై అఱచేయి ఉంచవలెను. చేయి నిలుపలేనంత వేడి యుండరాదు.

బల్లలను ఒకే మట్టమునకు తెచ్చి, నాలుగు మూలలనుండి రెండు దారములను అడ్డముగా బిగించి లాగినచో, అవి దాటుచోట ఒకదాని నొకటి తాకీ తాకకుండ నుండవలెను. బల్ల పగిలి వెల్డింగు అతుకు పడినచో అది రంగు క్రింద దాగియుండును. గోరుతో గీచి చూచుటకు మొగమాటపడరాదు.

వేగము లెక్క కూడ చూచుకొనవలెను. నిమిషమునకు 1440 చుట్లు తిరుగు మోటారునకు 9 అంగుళముల పుల్లీ, దిమ్మకు 3 అంగుళముల పుల్లీ యున్నచో, దిమ్మ 4320 చుట్లు తిరుగును. చిత్రికకు ఇది సరియైన వేగమే. కాని రంపమును తగిలించునది ఆ యిరుసునకే గదా! 12 అంగుళముల రంపము ఆ వేగమున తిరిగినచో దాని పండ్ల అంచు సెకనునకు దాదాపు 69 మీటర్లు పరుగెత్తును. అది 50 మీటర్ల చుట్టుప్రక్కల నుండుట క్షేమము. కనుక ఇట్టి యంత్రమునకు 8 లేక 9 అంగుళములకు మించిన రంపము వలదు. రంపము వెనుక నిలిచి, కోసిన కొయ్య మరల మూసికొనకుండ ఆపు చీలిక రేకు, రంపముమీది మూత, దిమ్మమీది మూత: ఈ మూడును పాత యంత్రములలో తఱచు కనబడవు. అడ్డముగా నున్నవని తీసి పాఱవేసియుందురు. రంపముతో కోయునంతసేపును ప్రక్కన కత్తుల దిమ్మ కూడ తిరుగుచునే యుండునని మఱువరాదు. మూత లేనిదే మోటారు వేయరాదు.

మోటారు పలకమీది అక్షరములను చదువుడు. పెక్కు మోటారులు 415 వోల్టుల మూడు ఫేజులవి. ఇంటికి వచ్చునది 230 వోల్టుల ఒంటి ఫేజు. కెపాసిటరు తగిలించి నడిపెదమని కొందఱు మిస్త్రీలు చెప్పుదురు. మోటారు తిరుగును గాని బలము చాలవఱకు తగ్గును, ముదురు కొయ్య తగిలినచో ఆగి వేడెక్కును. ఇక బావియొద్ద మూడు ఫేజులు ఉన్నవి గదా యని పంపుసెట్టు సర్వీసునుండి తీగ లాగుదమను తలంపు మన వారికి సహజముగా కలుగును. వ్యవసాయమునకు మంజూరైన విద్యుత్తును వేఱు పనికి వాడుట 2003 నాటి విద్యుచ్ఛక్తి చట్టము 126వ సెక్షను ప్రకారము అనధికార వినియోగము. రెండింతల రేటున వసూలు చేయుదురు. ఒంటి ఫేజు మోటారు ఖరీదును కూడ ధరలో కలిపి లెక్క వేసికొని, ఇంటి సర్వీసు ఆ బరువును మోయునో లేదో లైనుమనిషిని అడిగి, అటుపిమ్మట బేరమాడవలెను.

బేరమునకు పోవునపుడు మన యింటి కొయ్యనే రెండు ముక్కలు వెంట తీసికొనిపోవుట మంచిది. అమ్మకందారు చూపునది మెత్తని కొయ్య; దానిని ఏ యంత్రమైనను కోయును. మన ముక్కలను చిత్రిక పట్టించి, ఆ రెండు ముఖములను ఒకదానిపై నొకటి చేర్చి వెలుతురునకు ఎత్తి చూచినచో, బల్లల తప్పు దాగదు. నడువని యంత్రమును, "విద్యుత్తు లేదు, రేపు చూపెదము" అనువారి యంత్రమును ఆనాడు కొనరాదు.

తెచ్చునపుడు కత్తులను ముందుగానే విప్పించి గోనెగుడ్డలో చుట్టవలెను. ట్రాక్టరు ట్రక్కునకు ఎక్కించునపుడు త్రాళ్ళను పీఠమునకే కట్టవలెను గాని బల్లలకు కట్టరాదు. బల్ల పట్టి లేపినచో అమరిక తప్పును. పశువుల పాకలోను, ధాన్యపు గదిలోను పెట్టవలదు. కొయ్యపొడి ఊపిరితో పోవుట వలన ముక్కులో పుట్టవచ్చునని చెప్పి, క్యాన్సరు పరిశోధన అంతర్జాతీయ సంస్థ 1995 లోనే దానిని క్యాన్సరు కలిగించు పదార్థముల మొదటి తరగతిలో చేర్చినది. మట్టమైన సిమెంటు నేలపై నిలిపి, బోల్టులు బిగించి, దారములతో బల్లలను మరల నొకసారి చూచిన పిమ్మటనే కత్తులు ఎక్కింపవలెను.