ఎనభయ్యా, నూరా? ప్లగిన్ హైబ్రిడ్ బాటరీని ఎంతవరకు నింపాలి

విద్యుత్ కారును రోజూ ఎనభై శాతానికి మించి నింపరాదన్న మాట మన స్నేహితుల కూడికలలో ఒక నియమంగా స్థిరపడిపోయింది. పూర్తిగా విద్యుత్తుతో నడిచే పెద్ద బాటరీ కార్లలో చాలావాటికి ఆ మాట సమంజసమే. ప్లగిన్ హైబ్రిడ్‌కు దానినే యథాతథంగా అన్వయించవచ్చునా అన్నది వేరే ప్రశ్న.

ముందు నియమం ఎక్కడ పుట్టిందో చూద్దాం. లిథియమ్-అయాన్ సెల్‌ను నింపడమంటే లిథియమ్ అయాన్లను ధనధ్రువం నుంచి గ్రాఫైటుతో చేసిన ఋణధ్రువంలోకి తోయడమే. నికెల్-మాంగనీస్-కోబాల్ట్ రకం సెల్ పూర్తిగా నిండినప్పుడు దాని వోల్టేజి సుమారు 4.2 వోల్టులు. ఆ స్థితిలో గ్రాఫైటు ఉపరితలం మీద ఎలక్ట్రొలైట్ మెల్లగా విఘటన చెంది, ఒక పొరగా పేరుకుంటుంది. ఆ పొర కొంత లిథియమ్‌ను శాశ్వతంగా బంధిస్తుంది. బాటరీ సామర్థ్యం ఆ మేరకు తగ్గుతుంది. వేడి ఈ చర్యను వేగిరపరుస్తుంది. కనుక బాటరీకి హాని చేసేది నిండుగా నింపడం కన్నా, నిండుగా, వేడిగా ఎక్కువ కాలం నిలిపి ఉంచడం.

ఇక హైబ్రిడ్ సంగతి. 2012లో ఆస్ట్రేలియా విపణిలోకి వచ్చిన హోల్డెన్ వోల్ట్ దీనికి మంచి ఉదాహరణ. దాని బాటరీ సామర్థ్యం సుమారు 16 కిలోవాట్-గంటలు. కారు వాడుకోనిచ్చేది అందులో మూడింట రెండు వంతులే. తెరపై ‘నిండింది’ అని కనిపించినప్పుడు కూడా సెల్ నిజంగా నిండి ఉండేది కాదు, ‘ఖాళీ’ అన్నప్పుడు ఖాళీ అయ్యేదీ కాదు. కారు అమ్ముడుపోకపోయినా (ఈ దేశంలో మూడు వందలు కూడా పోలేదు) ఆ ఇంజనీర్ల ముందుచూపు తరువాతి వారికి పనికివచ్చింది. 2014లో ఇక్కడికి వచ్చిన మిత్సుబిషి అవుట్‌లాండర్ మొదలుకొని ప్లగిన్ హైబ్రిడ్లు సాధారణంగా ఇలాంటి జాగానే వదులుతాయి, వదిలే వాటా ఒక్కో కారులో ఒక్కో రీతిగా ఉన్నా.

దీనికి కారణం ఉంది. చిన్న బాటరీ ఎక్కువ చాకిరీ చేస్తుంది. ఒకే దూరానికి 60 కిలోవాట్-గంటల బాటరీ మూడు రోజులకు ఒకసారి ఖాళీ అయితే, 20 కిలోవాట్-గంటలది ప్రతిరోజూ ఖాళీ అవుతుంది. ఆ అరుగుదలను తట్టుకునేందుకే తయారీదారు ముందుగానే పైనా కిందా జాగా విడిచిపెడతాడు. దాని మీద మనం మళ్ళీ ఎనభై శాతం పరిమితి పెట్టడం ఉపవాసం మీద ఉపవాసం వంటిది.

ఖర్చు లెక్క చూద్దాం. మెల్బోర్న్ పడమటి శివారు టార్నీట్‌లో ఉంటూ నగరంలో ఉద్యోగం చేసేవారికి రానుపోను 65 కిలోమీటర్లనుకుందాం. బాటరీ నిండితే 70 కిలోమీటర్లు వస్తుంది, ఎనభై శాతానికి 56. మిగిలిన తొమ్మిది కిలోమీటర్లకు ముప్పాతిక లీటరు పెట్రోలు. లీటరు డాలరు తొంభై సెంట్లయితే సుమారు డాలరు నలభై. అదే దూరానికి యూనిట్ 30 సెంట్ల చొప్పున విద్యుత్తు 75 సెంట్లు. ఏడాదికి 230 పనిదినాలకు తేడా సుమారు 150 డాలర్లు. పెద్ద మొత్తమేమీ కాదు. ఇంటికప్పు మీది సౌరఫలకాల నుంచి నింపేవారికి తేడా ఇందుకు దాదాపు రెట్టింపు, ఎందుకంటే మిగులు విద్యుత్తును గ్రిడ్‌కు అమ్మితే యూనిట్‌కు వచ్చేది కొద్ది సెంట్లే. అయితే కారు పగలంతా ఆఫీసు దగ్గర ఉంటే ఆ ఎండ మనది కాదు. డబ్బు కంటే నన్ను ఇబ్బందిపెట్టేది మరొకటి: రోజూ ఫ్రీవే మీద చల్లని ఇంజను ఒక్కసారిగా మేలుకొని, వేడెక్కేలోపే ఇల్లు చేరడం. ఇంజను అరుగుదలకూ పొగకూ ఇంతకంటె చెడ్డ వాడుక లేదు.

రోజుకు పాతిక కిలోమీటర్లే తిరిగేవారికి ఈ బాధ లేదు. వారు అరవై డెబ్బై శాతంతో హాయిగా ఉండవచ్చు.

2024 చివరలో వచ్చిన బీవైడీ షార్క్ 6లోని దాదాపు 30 కిలోవాట్-గంటల బాటరీ మరో జాతిది: లిథియమ్ ఐరన్ ఫాస్ఫేట్. గుడినఫ్ ప్రయోగశాల నుంచి ఈ పదార్థంపై 1997లో వెలువడిన పత్రంలో తొలి రచయిత అక్షయ పాఢి. దీని వోల్టేజి చాలా మేరకు 3.3 వోల్టుల దగ్గర చదునుగా ఉంటుంది. అందువల్ల ఎంత నిండిందో కారు కంప్యూటర్ వోల్టేజిని బట్టి సరిగా పోల్చుకోలేదు. అప్పుడప్పుడూ నూరు శాతం దాకా నింపితేనే కొలత సరిపడుతుంది. ఈ రకానికి ఎనభై నియమం అసలే నప్పదు.

నూరు శాతం నింపేవారు చూసుకోవలసినది వేళ. కారులో టైమర్ ఉంటే బయలుదేరే ముందు నిండేలా పెట్టుకోవాలి. సిడ్నీ పడమటి శివారు పెన్రిత్‌లో 2020 జనవరి 4న 48.9 డిగ్రీలు నమోదైంది. అటువంటి రోజున నిండు బాటరీతో కారును ఎండలో వదలకూడదు. మన వాళ్ళు ఇండియా ప్రయాణం పెట్టుకునేది సరిగ్గా డిసెంబరు, జనవరి నెలల్లోనే. ఆరు వారాలు మూసిన గరాజ్‌లో, నడివేసవిలో, ప్లగ్గుకు తగిలించి నిండుగా ఉంచిన కారు బాటరీ, ఏడాది పొడవునా రోజూ నింపి వాడినదాని కంటే ఎక్కువ ఇబ్బంది పడవచ్చు. వెళ్ళేముందు సగానికి దించి, ప్లగ్గు తీసి, తయారీదారు పుస్తకంలో దీర్ఘకాలపు నిలుపుదలకు ప్రత్యేక సూచన ఉందేమో చూసుకొని మరీ వెళ్ళడం మేలు.